చిన్న ఫోటో స్టూడియోకు తపాలా ప్రచారం గిట్టుబాటేనా? లెక్క నుంచి కవరు దాకా

ఊళ్లో చిన్న ఫోటో స్టూడియో నడిపేవారికి ప్రచారం అనగానే గుర్తొచ్చేవి మూడు: దినపత్రికలో పెట్టి పంచే కరపత్రం, కూడలిలో ఫ్లెక్సీ, వాట్సాప్ స్టేటస్. నేరుగా ఇంటికి తపాలాలో కార్డో కవరో పంపడం పాతకాలపు వ్యవహారంలా కనిపిస్తుంది. అది గిట్టుబాటవుతుందా అంటే నా సమాధానం ఇది. ముక్కూమొహం తెలియని 1,000 ఇళ్లకు పంపితే చాలావరకు కాదు. మీ దగ్గర ఇదివరకు ఫోటోలు తీయించుకున్న 200 ఇళ్లకు, సమయం చూసి, వాళ్ల ఫోటోనే జతచేసి పంపితే అవుతుంది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ రెండో పని గురించే. కరపత్రాల సంగతి తరవాత వస్తుంది.

1. ముందు కాగితం మీద లెక్క వేయండి

ప్రచారం ఖర్చును ఆర్డరు మొత్తంతో పోల్చుకోవడం మన వృత్తిలో చాలామందికి అలవాటు. "80,000 రూపాయల పెళ్లి ఒక్కటి తగిలితే చాలు, కరపత్రాల ఖర్చు ఒక లెక్కా" అంటారు. ఆ 80,000లో మీ చేతికి మిగిలేదెంతో ముందు చూడాలి. బారసాల ఆర్డరే తీసుకుందాం. 15,000 రూపాయలకు ఒప్పుకున్నారు. సహాయకుడి కూలి, వీడియో తీసే అతనికి ఇచ్చేది, ఎడిటింగు, కరిజ్మా ఆల్బమ్ (పుటల మీదే ఫోటోలు అచ్చయ్యేది) ప్రింటింగు, రానుపోను ఖర్చులు పోగా 6,000 మిగిలాయనుకోండి. ప్రచారానికి పెట్టిన డబ్బు ఆ 6,000 నుంచే తిరిగి రావాలి.

ఇప్పుడు 4,000 రూపాయలు రెండు విధాలుగా ఖర్చు పెట్టి చూద్దాం. ఇక్కడి ధరలు ఉదాహరణకే, మీ ఊరి ధరలు వేసుకోండి. కరపత్రానికి ముద్రణ, పంపిణీ కలిపి 4 రూపాయలు పడితే 1,000 ఇళ్లకు చేరుతుంది. కవరు, అందులో ఫోటో ప్రింటు, చిన్న ఉత్తరం, తపాలా బిళ్ల కలిపి 20 రూపాయలు పడితే 200 ఇళ్లకు చేరుతుంది. రెండింట్లోనూ ఒక్క ఆర్డరు వస్తే పెట్టిన డబ్బు తిరిగొచ్చి 2,000 మిగులుతాయి. మరి ఆ ఒక్కటీ ఎటు నుంచి వచ్చే అవకాశం ఎక్కువ? ముక్కూమొహం తెలియని 1,000 ఇళ్లలో రాబోయే మూడు నెలల్లో శుభకార్యం ఉన్నవి ఎన్నో మీకు తెలియదు. ఉన్న ఇళ్లలోనూ మేనమామకు తెలిసిన ఫోటోగ్రాఫర్ ఒకరు అప్పటికే ఖాయమై ఉంటారు. మీ పాత 200 ఇళ్లలో ఎవరింట్లో ఏ వేడుక ఎప్పుడు రాబోతుందో మీ రిజిస్టరు చూస్తే సగం తెలిసిపోతుంది.

పాస్‌పోర్టు సైజు ఫోటోలు, లామినేషన్, జిరాక్సుల మీదే స్టూడియో నడుస్తుంటే ఇక్కడితో చదవడం ఆపేయవచ్చు. ఆ పనికి వచ్చేవారు దారిలో బోర్డు చూసి వస్తారు. 4,000 ఉంటే బోర్డుకు మంచి లైటు వేయించండి.

2. రిజిస్టరును జాబితాగా మార్చండి

అడ్వాన్సు రసీదు పుస్తకాలు, పాత డైరీలు, హార్డ్‌డిస్కుల్లోని ఫోల్డర్ల పేర్లు, ఇవే మీ ముడిసరుకు. గత మూడు నాలుగేళ్లవి చాలు. ఒక్కో ఇంటికి ఒక వరుస పెట్టి ఇవి రాయండి: డబ్బు ఇచ్చిన పెద్ద పేరు, డోరు నంబరు, వీధి, గుర్తుగా గుడి లేదా బడి, పిన్ కోడ్, ఏ వేడుక, ఏ తేదీ, ఫోల్డరు ఏ డిస్కులో ఉంది, బాకీ ఏమైనా ఉందా. ఆల్బమ్ ఇంకా తీసుకెళ్లనివారు, గొడవపడి వెళ్లినవారు ఈ జాబితాలో ఉండకూడదు. ఆల్బమ్ ఆలస్యమైన ఇంటికి మళ్లీ ఆర్డరు ఇమ్మని కార్డు పంపితే తిట్లు తపాలాలో కాకుండా నేరుగా ఫోనులోనే వస్తాయి.

పెళ్లి ఆర్డర్ల దగ్గర ఒక సూక్ష్మం ఉంది. పెళ్లికూతురు ఇప్పుడు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉంటుంది. రిజిస్టరులో ఉన్నది మాత్రం ఆమె తండ్రి పేరు, మీ ఊరి చిరునామా. చాలామంది దీన్ని పాతబడిన చిరునామాగా కొట్టేస్తారు. కానీ మొదటి కాన్పు పుట్టింట్లో జరిపే ఆనవాయితీ మన దగ్గర ఇంకా చాలా ఇళ్లలో ఉంది. అలాంటి ఇళ్లలో సీమంతం, బారసాల చాలాసార్లు ఆ ఊళ్లోనే, ఆ తండ్రి ఖర్చుతోనే జరుగుతాయి. కాబట్టి ఆ చిరునామా మీ జాబితాలో మొదటి పుటలో ఉండవలసింది.

పెళ్లికొడుకు వైపు చిరునామా ఉంటే అదీ రాసి పెట్టుకోండి, కానీ ఆ ఊరు 200 కిలోమీటర్ల దూరంలో ఉంటే కవరు ఖర్చు దండగ.

3. ఏ ఇంటికి ఎప్పుడు

బారసాల తీసిన ఇంటికి ఏడాదిలో మొదటి పుట్టినరోజు వస్తుంది. దానికి ఫంక్షన్ హాలు రెండు మూడు నెలల ముందే మాట్లాడుకుంటారు, ఫోటోల మాటా అప్పుడే వస్తుంది. కాబట్టి బిడ్డకు ఎనిమిదో నెల నిండేసరికి మీ కవరు ఆ ఇంట్లో ఉండాలి. పదకొండో నెలలో అందితే "అయ్యో, వేరేవాళ్లకు చెప్పేశామండీ" అంటారు. మొత్తం తపాలా ప్రచారంలో ఒక్క పనే చేయగలిగితే ఇదే చేయండి. తేదీ ఖచ్చితంగా తెలుసు, వేడుక దాదాపు ఖాయం, మీ పనితనం ఆ ఇంట్లో ఆల్బమ్ రూపంలో ఇప్పటికే ఉంది.

పెళ్లి ఇళ్లకు మొదటి పెళ్లిరోజుకు పది రోజుల ముందు అందేలా పంపండి. పిల్లల సంగతి, సీమంతం మాట అందులో ఎత్తకండి. కొత్త దంపతులకు అది ఎంత ఇబ్బందిగా ఉంటుందో చెప్పనక్కరలేదు. పెళ్లి ఫోటో ఒకటి, శుభాకాంక్షలు రెండు వాక్యాలు, అంతే. అలాగే చిన్నప్పుడు మీరు ఫోటోలు తీసిన అమ్మాయికి పన్నెండేళ్లు వచ్చాయని లెక్క కట్టి ఓణీల వేడుకకు ప్రకటన పంపవద్దు. అది ఆ ఇంటివాళ్లు తమంతట తాము చెప్పవలసిన విషయం.

అక్షరాభ్యాసం వసంత పంచమికి ఎక్కువగా చేయిస్తారు. మూడేళ్ల క్రితం బారసాల తీసిన ఇళ్ల పేర్లు సంక్రాంతి లోపల వేరుచేసి పెట్టుకోండి.

ఇక పని చేసే సమయం. ఆషాఢంలో, భాద్రపదంలో, పుష్యంలో ముహూర్తాలు ఉండవు. మూఢం వచ్చిందంటే మంచి నెలలు కూడా ఖాళీగా పోతాయి. స్టూడియోలో పని తగ్గే ఆ వారాల్లోనే ప్రింట్లు తీసి, కవర్ల మీద చిరునామాలు రాసి, పంపవలసిన తేదీల ప్రకారం కట్టలు కట్టి ఉంచండి. శ్రావణం మొదలయ్యాక ఈ పనికి ఎవరికీ తీరిక దొరకదు.

పంపే ముందు కట్టను ఊరి సంగతులు బాగా తెలిసినవారికి ఒకసారి చూపించండి. చాలా స్టూడియోల్లో అలాంటి సహాయకుడు ఒకరుంటారు. ఆ ఇంట్లో ఎవరైనా పోయారా, ఏటిసూతకంలో ఉన్నారా, దంపతులు విడిపోయారా అన్నది అతను చెబుతాడు. ఏటిసూతకంలో ఉన్న ఇంటికి వేడుకల తగ్గింపు ధరల కార్డు వెళ్లిందంటే ఆ ఇల్లే కాదు, వాళ్ల బంధువర్గమంతా మీకు దూరమవుతుంది.

4. కవరులో ఏం పెట్టాలి

ఏ ఇతర వ్యాపారికీ లేనిది మీ దగ్గర ఒకటి ఉంది: ఆ ఇంటివాళ్ల ఫోటో. చీరల కొట్టు కరపత్రం చించి పారేస్తారు, మనవరాలి ఫోటోను ఎవరూ పారేయరు. ఫ్రిజ్ మీదో, దేవుడి గూటి పక్కనో, అద్దం చట్రంలోనో అది నిలబడుతుంది, వెనకవైపు మీ ఫోను నంబరుతో సహా. అందుకే రంగురంగుల బ్రోచరు ముద్రించే డబ్బుతో 4×6 అంగుళాల ప్రింటు తీయండి.

ఏ ఫోటో? ఆల్బమ్‌లోకి ఎక్కనిది. వందల ఫోటోల్లోంచి ఆల్బమ్‌కు ఏరుకున్నవి పోగా మిగిలినవి మీ డిస్కులో నిద్రపోతుంటాయి. వాటిలో వేదిక మీద వరుసగా నిలబడ్డ ఫోటోలు పక్కన పెట్టి, ఎవరూ కెమెరా వైపు చూడనివి వెతకండి. ఉయ్యాలలో బిడ్డ పాదం, దాన్ని పట్టుకున్న అమ్మమ్మ వేళ్లు, ఆ వేళ్లకు ఇంకా అంటుకుని ఉన్న పసుపు: అలాంటిది ఒక్కటి దొరికితే ఉత్తరం పొడుగ్గా రాయనక్కరలేదు. ఫోటోలో ఉన్న పెద్దవారు ఈ మధ్య కాలం చేశారని తెలిస్తే వేరే ఫోటో పంపండి, లేదా ఆ ఫోటోనే ఏ ప్రకటనా లేకుండా, ఏ ధరా రాయకుండా, స్వయంగా తీసుకెళ్లి ఇవ్వండి.

ఉత్తరం ఇలా ఉండవచ్చు:

"శ్రీ ... గారికి నమస్కారాలు. నిరుడు మీ మనవరాలి బారసాల ఫోటోలు మేమే తీశాం. ఆల్బమ్‌లో పెట్టడానికి చోటు చాలని ఫోటో ఒకటి మా దగ్గర ఉండిపోయింది. అది మీ ఇంట్లో ఉండవలసింది కాబట్టి పంపుతున్నాం. పాప మొదటి పుట్టినరోజు దగ్గరపడుతోంది కదా. ఆ రోజు మమ్మల్ని పిలవాలనుకుంటే ఈ నెలాఖరులోగా ఒక ఫోను చేయండి, తేదీ మీకోసం ఉంచుతాం. ఈ కవరు తెచ్చినవారికి 12×18 ఫ్రేము ఒకటి మా తరఫున."

ఇందులో పెద్ద మాటలు లేవు. ఎందుకు రాశారో మొదటి మూడు వాక్యాల్లో తేలిపోతుంది. చివర గడువు ఉంది, కవరు తెచ్చి చూపించడానికి కారణం ఉంది. ధరల పట్టిక లేదు. ధర రాశారంటే ఆ కాగితం పట్టుకుని పక్క స్టూడియోకు వెళ్లి బేరం మొదలుపెడతారు. తగ్గింపు ఇవ్వాలనుకుంటే డబ్బు తగ్గించకండి, ఫ్రేమో అదనపు ప్రింట్లో ఇవ్వండి. మీకు పడే ఖర్చు తక్కువ, వాళ్లకు కనిపించే విలువ ఎక్కువ.

చిరునామా చేత్తో రాయండి. అచ్చు వేసిన స్టిక్కరు చూస్తే బీమా కంపెనీ ఉత్తరమనుకుని పక్కన పడేస్తారు.

5. బరువు, బిళ్ల, కాగితం

మామూలు కవరుకు 20 గ్రాముల దాకా చాలా ఏళ్లుగా 5 రూపాయల బిళ్లే. పంపే ముందు కౌంటరులో ఒకసారి అడిగి నిర్ధారించుకోండి. ఈ 20 గ్రాములే మీకు హద్దు. 4×6 ఫోటో ప్రింటు దాదాపు 4 గ్రాములు తూగుతుంది. ఏ5 సైజు ఉత్తరం 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే) కాగితం మీద రెండున్నర గ్రాములు. ఫోటో వంగకుండా వెనక పెట్టే ఏ6 అట్ట, 300 జీఎస్ఎందైతే, 5 గ్రాముల లోపే. కవరుకు మరో 5 వేసుకున్నా మొత్తం 17 దాటదు. రెండో అట్ట పెట్టారంటే హద్దు దాటి బిళ్ల పెరుగుతుంది. అన్నీ పెట్టిన కవరు ఒకటి తీసుకెళ్లి పోస్టాఫీసు తక్కెడలో తూచి చూశాకే మిగతావి సిద్ధం చేయండి. కవరు మీద "ఫోటో ఉంది, మడవవద్దు" అని పెద్ద అక్షరాలతో రాయడం మరవవద్దు.

పోస్టుకార్డు 50 పైసలే కదా, దాని మీద అచ్చు వేసి పంపేస్తే అన్న ఆలోచన చాలామందికి వస్తుంది. ఆ 50 పైసలు చేత్తో రాసిన కార్డుకే. అచ్చు వేసిన కార్డుకు తపాలా శాఖ రేటు 6 రూపాయలు, అంటే కవరు మీది బిళ్ల కంటే ఎక్కువ. పైగా పసిబిడ్డ ఫోటోను దారిలో అందరూ చూసేలా కార్డు మీద వేయడం మర్యాద కాదు. కవరే మేలు.

ఎడమవైపు కింద మీ స్టూడియో చిరునామా తప్పక ఉండాలి. ఇల్లు మారినవారి కవర్లు మీకు తిరిగి వస్తాయి, వాటిని చూసి జాబితాలో పేర్లు సరిచేసుకోవచ్చు. అద్దె ఇళ్లు ఎక్కువగా ఉన్న పేటల్లో ఇవి కాస్త ఎక్కువే వస్తాయి. ఆ ఇళ్లవారికి ఫోను చేసి కొత్త చిరునామా అడగడం కూడా పలకరింపే.

6. అనుమతి సంగతి

ఫోటో తీసింది నేను కాబట్టి ఎక్కడైనా వాడుకుంటానని అనుకోవద్దు. 1957 కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షను ప్రకారం, డబ్బు తీసుకుని ఒకరి కోరిక మీద తీసిన ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు ఆ తీయించుకున్న వ్యక్తే. ఎవరి ఫోటో వారి ఇంటికే పంపితే పేచీ లేదు. ఒకరి పెళ్లి ఫోటోను కరపత్రం మీద వేసి 1,000 ఇళ్లకు పంచాలంటే మాత్రం వాళ్ల రాతపూర్వక అనుమతి కావాలి. అడ్వాన్సు రసీదు వెనక రెండు వాక్యాలు ముద్రించండి: ఫోటోలను ప్రచారానికి వాడుకోవచ్చా, ముందు ముందు ఉత్తరాలు, సందేశాలు పంపవచ్చా అని. అవును, కాదు అని రెండు గళ్లు పెట్టి సంతకం తీసుకోండి. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది కాబట్టి ఉత్తరాలు, సందేశాల గురించిన రెండో ప్రశ్న కూడా ఉండడం మేలు.

ఫోను నంబర్ల జాబితా అమ్ముతామని వచ్చేవారిని గుమ్మం దగ్గరే పంపించేయండి. గుంపుగా ఎస్ఎంఎస్‌లు పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం సంస్థ పేరు, సందేశం నమూనా ముందే నమోదు చేసుకోవాలి. చిన్న స్టూడియోకు అంత తతంగం దండగ.

7. తెలియని ఇళ్లకు పంపక తప్పకపోతే

కొత్తగా స్టూడియో పెట్టినవారికి పాత రిజిస్టరు ఉండదు. అప్పుడు కరపత్రమే గతి. దానికి రెండు దారులు. ఒకటి దినపత్రిక ఏజెంటు. ముందురోజు సాయంత్రం కట్టలు ఇస్తే తెల్లవారుజామున పేపరు కుర్రాళ్లు లోపల పెడతారు. ఊరంతా వేయించకండి, మీ స్టూడియోకు నడిచి రాగలిగే రెండు మూడు లైన్లకు (ఒక్కో పేపరు కుర్రాడు తిరిగే వీధులకు) చాలు. ఆదివారం ఫర్నిచరు, కోచింగు కరపత్రాల గుంపులో మీది కలిసిపోతుంది, మామూలు రోజు వేయించండి. ఆ ఉదయం వేరువేరు వీధుల్లో తెలిసినవారికి ఫోను చేసి పేపర్లో కరపత్రం వచ్చిందా అని అడగండి. రాకపోతే మరుసటి విడత డబ్బు ఇచ్చే ముందు ఆ సంగతి ఏజెంటుతో తేల్చుకోండి.

రెండోది తపాలా శాఖవారి "డైరెక్ట్ పోస్ట్". చిరునామా లేని కరపత్రాలను మీరు ఎంచుకున్న ప్రాంతంలో పోస్ట్‌మన్ ఇంటింటికీ వేస్తాడు. ప్రధాన తపాలా కార్యాలయంలో మార్కెటింగు చూసేవారిని కలిసి కనీస సంఖ్య, రేటు అడగండి. పేపరు తెప్పించుకోవడం మానేసిన అపార్టుమెంట్లకు ఇది కొంత నయం.

ఏ దారైనా కరపత్రంలో ఒకే వేడుక గురించి చెప్పండి. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, డ్రోన్, ఎల్ఈడీ తెరలు, మగ్గు మీద ఫోటో అన్నీ ఒకే కాగితం మీద కుక్కితే ఏదీ గుర్తుండదు.

అమెరికాలో స్టూడియో నడుపుతున్న తెలుగువారు ఈ విషయం ఎక్కువగా అడుగుతుంటారు. అక్కడి తపాలా సంస్థ 2011 నుంచి "ఎవ్రీ డోర్ డైరెక్ట్ మెయిల్" అనే సేవ నడుపుతోంది. మ్యాపులో వీధులు ఎంచుకుంటే చిరునామాలు లేకుండానే ప్రతి ఇంటికీ వేస్తారు. చిన్న వ్యాపారులు కనీసం 200 కార్డుల నుంచి, ఒక జిప్ కోడ్‌కు (అక్కడి పిన్ కోడ్) రోజుకు 5,000 దాకా ఇవ్వవచ్చు. కుటుంబ చిత్రాలు, స్కూలు పిల్లల చిత్రాలు తీసేవారికి అది పనికొస్తుంది. మన పెళ్లిళ్లు, ఓణీల వేడుకల మీద ఆధారపడేవారికి మాత్రం ఆ వీధిలో తెలుగు ఇళ్లు ఎన్నో చూసుకోకపోతే డబ్బంతా పొరుగిళ్ల చెత్తబుట్టల పాలవుతుంది. వాళ్లకు గుడి, తెలుగు సంఘం మేలు.

8. వచ్చిందెంతో తేల్చుకోండి

జాబితాలో 250 ఇళ్లు ఉంటే ప్రతి ఐదో ఇంటినీ పక్కన పెట్టండి. 200 ఇళ్లకు కవర్లు వెళతాయి, 50 ఇళ్లకు వెళ్లవు. పక్కన పెట్టినవారు మంచివారని, బంధువులని మార్చకండి, వరుస నంబరు ప్రకారమే ఉండాలి. ఆరు నెలల తరవాత చూడండి. కవరు అందిన 200లో 8 ఆర్డర్లు వచ్చి, అందని 50లో 2 వస్తే, రెండు చోట్లా 100కు 4 చొప్పునే వచ్చినట్టు. అంటే ఆ ఎనిమిది మందీ ఉత్తరం లేకపోయినా వచ్చేవారే, దాని వల్ల ఒరిగింది లేదు. 200లో 12 వచ్చి 50లో ఒక్కటి వస్తే అది వేరే కథ. ఇంత చిన్న సంఖ్యల్లో ఒకటి రెండు ఆర్డర్ల తేడా యాదృచ్ఛికంగా కూడా వస్తుంది కాబట్టి ఒక్క విడత చూసి ఎగిరి గంతేయవద్దు, నీరుగారిపోవద్దు.

కవరు మూలలో చిన్న గుర్తు వేయండి, శ్రావణం విడతకు "శ్రా", మాఘం విడతకు "మా" అని. ఫోను ఎత్తిన ప్రతిసారీ "మా గురించి ఎలా తెలిసిందండీ" అని అడిగి, ఆ జవాబును అడ్వాన్సు రసీదు మీదే రాయండి. ఫోను ఎత్తేది మీ తమ్ముడో, స్టూడియోలో పిల్లవాడో అయితే వాళ్లకు ముందే చెప్పి ఉంచండి. కవరు పట్టుకుని వచ్చిన పెద్దాయనతో "ఏ కవరు?" అన్నారంటే 20 రూపాయలూ పోయినట్టే. కవర్లు అందే వారంలో స్టూడియో మూసి ఊరికి వెళ్లవద్దు.

రెండు విడతల తరవాత కూడా కవరు అందినవారికీ అందనివారికీ తేడా లేకపోతే పెళ్లిరోజు కవర్లు ఆపేయండి. మొదటి పుట్టినరోజు కవర్లు మాత్రం మరో ఏడాది పంపి చూడండి. నెలకు నాలుగైదు ఇళ్లే ఉంటాయి, వందకు మించి ఖర్చు కాదు.